గృహవిద్య: చీరరంగును చెప్పెడి తెర

గడచిన సంక్రాంతికి పది దినములు ముందు, ఒక్క వారములో, మా చెల్లెలి యింటికి మూడు చీరలు మరలి వచ్చినవి. ఆమె మంగళగిరి నేతవారియొద్ద చీరలు తెచ్చి, వానికి ఛాయాచిత్రములు తీసి, కంప్యూటరుపై దిద్ది, దూరపు ఊళ్లలోని స్త్రీలకు చూపి విక్రయించుచుండును. భర్తకు ఆరోగ్యము చెడి రెండేండ్లుగా కొలువు లేదు. ఇద్దఱు పిల్లల బడిజీతములును ఇంటి అద్దెయు ఈ చీరలమీదనే గడచుచున్నవి. మరలి వచ్చిన చీరలకు చిరుగు లేదు, మచ్చ లేదు, జరీ వన్నె తగ్గలేదు. కొన్నవారు ముగ్గురును వ్రాసిన మాట యొక్కటియే: "చిత్రములోని రంగు వేఱు, చేతికందిన రంగు వేఱు." అందొకటి నిశ్చితార్థమునకై కోరి తెప్పించుకొన్న వంకాయరంగు చీర. పెట్టె విప్పి చూడగా అది లేత ఊదాగా నుండెనట. ఇంకొకటి మీగడరంగని తెప్పించుకొన్నది, తీరా చూడగా మల్లెపూవువంటి తెల్లచీర. రానుపోను తపాలాఖర్చు మా చెల్లెలిపై పడెను. కొన్నవారు చీరను ఉంచుకొన్న పిమ్మటనే నేతగానికి పూర్తిసొమ్ము చేరునట్లు వారి యేర్పాటు. కనుక పండుగ ముంగిట ఆ వృద్ధునకు మూడు చీరల సొమ్ము ఆగిపోయెను. ఆయన ఒక్క మాటయు అనలేదట. "అనకపోవుటయే నన్ను ఎక్కువ బాధించుచున్నదక్కా" అని చెల్లెలు కన్నీరు పెట్టుకొనెను.

మొదట మేమందఱము కెమెరానే నిందించితిమి. మా వారు బడిలో భౌతికశాస్త్రము చెప్పువారు గనుక, ఒక సెలవునాడు మాతో కూడ వచ్చి, ఆ ఊదాచీరను మంచముమీద పఱపించి, కిటికీ తలుపులు తెఱపించి, దాని చిత్రమును తెరపై పెట్టించి రెంటిని ప్రక్కప్రక్కన చూచిరి. చెల్లెలి తెరపై చిత్రము చీరకు సరిగానే యున్నది! అదే చిత్రమును మా వారి ఫోనులోను, ఎదురింటివారి ఫోనులోను, మేము వెంట తీసికొనిపోయిన లాప్‌టాపులోను తెఱచి చూడగా అన్నిటియందును ముదురు వంకాయరంగే కనిపించినది. ఒక్క చెల్లెలి తెర మాత్రమే ఊదా చూపుచున్నది. అప్పటికిగాని మాకు గుట్టు తెలియలేదు.

ఆ తెర నీలము ఎక్కువగా చూపునది, వెలుగును మితిమీఱి చిమ్మునది. దానిపై ఏ చిత్రమైనను నీలిఛాయతో, వెలవెలబోయినట్లు కనబడును. చెల్లెలు చీరను ప్రక్కన నుంచుకొని, చిత్రము చీరకు సరిపోలువఱకు ఎఱుపును పసుపును కలుపుచు, వెలుగును తగ్గించుచు శ్రద్ధగా దిద్దెడిది. దిద్దిన చిత్రము ఆ తెరపై సరియే. లోకములో మఱెక్కడ చూచినను ఎఱ్ఱనగాను, ముదురుగాను ఉండును. అడుగు లోనికి సొట్టపోయిన సోలతో బియ్యము కొలుచు ఇల్లాలికి తన యింట అన్నము చక్కగానే కుదురును. ఆ సోలకు తగిన నీరు పోయుట ఆమె చేతికి అలవడియుండును. ఆ కొలతను పొరుగింటికి చెప్పి పంపినచో, సరియైన సోల గల వారియింట అన్నము పలుకుగా దిగును. తప్పు ఇల్లాలిది కాదు. శ్రద్ధ ఎంత యెక్కువయైన తప్పు అంత స్థిరపడును, అంతే.

కనుక ఛాయాచిత్రములను దిద్దుకొను తెరను ఎట్లు ఎన్నుకొనవలయునో, కొన్న పిమ్మట దానిని ఎట్లు సరిచూచుకొనవలయునో ఈ మాసము వ్రాయుచున్నాము. ఇది వ్యాపారము చేయువారికి మాత్రమే కాదు. అత్తమామల పాతచిత్రములను బాగుచేసి చట్టము కట్టింపగోరువారికిని, పిల్లల పెండ్లిచిత్రములను తామే తీర్చుకొనువారికిని పనికివచ్చును.

కొట్టులోనికి పోగానే "ఎల్.ఇ.డి. తెర" యని చూపుదురు. ఆ మాటకు మోసపోరాదు. ఎల్.ఇ.డి. అనునది చాలవఱకు తెరవెనుక వెలిగెడి దీపమునకు పేరు. ముందున్న ద్రవస్ఫటికపు పలక ఏ జాతిదో అడుగవలయును. అవి ముఖ్యముగా మూడు. టి.ఎన్. అనునది వెల తక్కువది, వేగము గలది. ఆటలాడు కుఱ్ఱవాండ్రకు ప్రియమైనది. కాని తల కొంచెము పైకెత్తినను క్రిందికి దించినను దానిపై రంగు మాఱిపోవును. వి.ఎ. అనునది నలుపును గాఢముగా చూపును గాని ప్రక్కనుండి చూచినచో రంగులు పాలిపోవును. ఐ.పి.ఎస్. అనునది ఎటునుండి చూచినను రంగు నిలుపుకొనును. చిత్రములను దిద్దుటకు ఇదియే తగినది. కొట్టువాడు మెఱుపులు మెఱయు దృశ్యములు వేసి చూపును. వలదని చెప్పి, మన ఫోనులోనుండి ఒక మనిషి ముఖమును, ఒక బూడిదరంగు పలకను తెరనిండుగ వేయింపవలెను. కూర్చుండి, నిలుచుండి, ప్రక్కకు జరిగి చూడవలెను. ముఖపురంగు మాఱెనా, బూడిదరంగు పలకలో ఒక మూల పచ్చగాను ఒక మూల గులాబిగాను ఉన్నదా, ఈ రెండు చాలును. మేమిట్లు చూచుచుండగా కొట్టువారు నవ్విరి. చీర కొనునప్పుడు కొంగు, అంచు, లోపలి మడత చూడకుండ కొందుమా? నవ్వినచో నవ్వనిండు.

ఓలెడ్ అను క్రొత్తజాతియు కలదు. అందు ప్రతి చుక్కయు తనంత తాను వెలుగును గనుక నలుపు నిజముగా నలుపే. కాని దిద్దుబాటు తంత్రములోని పనిముట్ల వరుసవంటి కదలని బొమ్మలు దినముల తరబడి ఒకేచోట నిలిచినచో వాని మచ్చ తెరపై నిలిచిపోవచ్చును. వెలయు ఎక్కువ.

తరువాత అడుగవలసినది తెర ఎంతవఱకు రంగులను చూపగలదనునది. దీనికొక కొలమానము కలదు. 1996లో హ్యూలెట్ పాకర్డు, మైక్రోసాఫ్టు సంస్థలు కలిసి ఎస్.ఆర్.జి.బి. అను రంగుల హద్దును ఏర్పఱచెను; 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. సామాన్యముగా మనము పంపుకొను చిత్రములన్నియు ఈ హద్దులోనివే. తెర ఈ హద్దును నూటికి నూఱుపాళ్లు, లేదా అందుకు మిక్కిలి దగ్గఱగా చూపవలెను. చౌక లాప్‌టాపుల వివరపత్రములలో "45 శాతము ఎన్.టి.ఎస్.సి." అని కనబడును. అట్టిదానిని చిత్రములకు తలపెట్టనే వలదు. దానికి కుంకుమయెఱుపు ఇటుకరంగైపోవును. "72 శాతము ఎన్.టి.ఎస్.సి." అనునది ఇంచుమించు ఎస్.ఆర్.జి.బి.కి సరి.

ఇంతకంటె విశాలమైన హద్దులును కలవు. 1998నాటి అడోబి ఆర్.జి.బి. యొకటి, అది పచ్చలయందును, నీలిపచ్చలయందును మఱింత దూరము పోవును. సినిమావారి పి-3 మఱియొకటి. ఈ దినములలో అనేకములగు ఫోనులు దానిని చూపగలవు. ఎక్కువ యున్న మంచిదే కదా యని మేమును అనుకొంటిమి. ఇచ్చట ఒక చిక్కు కలదు. విశాలమైన తెరపై, రంగుల లెక్క తెలియని తంత్రములో సాధారణచిత్రమును తెఱచినచో పసుపుకొమ్ము రంగుకూడ బంతిపూవై కండ్లు గుచ్చును. అట్టి తెర కొనువారు దానియందు ఎస్.ఆర్.జి.బి. అమరిక కలదా యని చూచుకొనవలెను. ఫోనులలో చూచువారికి చిత్రములు పంపెడి మా చెల్లెలికి సాధారణమైన హద్దే చాలునని మేము నిశ్చయించితిమి. మేలిరకపు అచ్చులు వేయించువారికి విశాలమైనది ఉపయోగపడును.

ఛాయల లెక్క సంగతి. ఎనిమిది బిట్ల తెర ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు చూపును. మూడును కలిసి 1,67,77,216 రంగులు. పది బిట్లదైనచో 1,024 మెట్లు, మొత్తము సుమారు 107 కోట్లు. ఎనిమిది చాలును. కాని కొన్ని చౌకతెరలు ఆఱు బిట్లే యుండి, రెండు ఛాయలను వేగముగా మార్చి మార్చి చూపుచు ఎనిమిదివలె నటించును. పరిమాణము విషయమున 24 అంగుళములకు 1920×1080 చుక్కలైనచో అంగుళమునకు సుమారు 92, 27 అంగుళములకు 2560×1440 అయినచో సుమారు 109. రెండవది నేతపోగులను చక్కగా చూపును. అద్దమువలె మెఱయు తెరకంటె మెఱుపులేని తెర మేలు. నలుపుతెలుపుల భేదము కోటికొకటియని పెట్టెపై వ్రాసినదానిని లెక్కచేయవలదు, ఐ.పి.ఎస్. పలకకు సహజముగా వేయికొకటి యుండును.

ఇక సరిచూచుట. ఎంత వెల పెట్టి కొన్న తెరయైనను కొట్టునుండి వచ్చినది వచ్చినట్లు నమ్మరాదు. కొట్టులో పదింటినడుమ తానే మెఱయవలెనని దాని వెలుగును హెచ్చించి పంపుదురు. తెరవెలుగును కాండెలాలలో కొలుతురు. చదరపు మీటరునకు 250, 300 కాండెలాలతో వచ్చును. చిత్రములు దిద్దు గదిలో 80 మొదలు 120 వఱకు చాలును. ఈ సంగతి తెలియక మేము మునుపొకసారి మోసపోయితిమి. మా అత్తగారు గతించిన పిమ్మట ఆమె పాతచిత్రమును మేమే బాగుచేసి అచ్చు వేయించితిమి. తెరపై కళకళలాడుచుండెడి ముఖము కాగితముపై చీకటిలో కూర్చున్నట్లు వచ్చినది. అచ్చువేసినవానితో వాదులాడి వచ్చితిమి కూడ. ఇప్పుడు తలచుకొనిన సిగ్గగుచున్నది. తెరవెలుగు మితిమీఱియుండగా మేమే చిత్రమును చీకటిచేసి పంపితిమి.

తెలుపును చూడుడు. వస్త్రములకొట్టులో గొట్టపుదీపము క్రింద చీర చూచి తృప్తిపడక, మన పెద్దలు దానిని గుమ్మములోనికి తెచ్చి పగటివెలుగున చూచెడివారు. మనమును అట్లే చేయుచున్నాము. ఒక దీపము క్రింద జతకుదిరిన చీరయు రవికగుడ్డయు ఎండలో విడిపోవుట మనలో ఎవరికి అనుభవము కాదు? ఆ పగటివెలుగునే శాస్త్రజ్ఞులు ఇంచుమించు 6500 కెల్వినులని లెక్కగట్టి, డి-65 అని పేరిడి, తెరయందలి తెలుపునకు ప్రమాణముగా నిలిపిరి. నలుపునుండి తెలుపునకు పోవు మెట్ల వాలును గామా యందురు, దానిని 2.2 వద్ద ఉంచవలెను. ఈ మూడు సంఖ్యలు గోడకు వ్రాసి పెట్టుకొనదగినవి.

ఇవి కంటితో చూచుకొనరాదా యని అడుగవచ్చును. మన కన్ను మిక్కిలి మంచిది, అందుచేతనే ఇచ్చట పనికిరాదు. పచ్చని బుడ్డిదీపము క్రిందను మల్లెపూవు మనకు తెల్లగానే తోచును; నీలితెరముందు పది నిమిషములు కూర్చున్న ఆ నీలమే తెలుపని కన్ను సరిపెట్టుకొనును. చెల్లెలు రెండేండ్లు ఆ తెరతో కాపురము చేసి దానిని అనుమానింపకపోవుటకు ఇదియే కారణము. సరిపెట్టుకొనుట తెలియని సాక్షి కావలయును. ఆ సాక్షి కలరిమీటరు. కుంకుమభరిణెకంటె కొంచెము పెద్దది. వెనుకకు బరువు కట్టిన త్రాటితో తెరమీద వ్రేలాడును. డేటాకలర్ వారి స్పైడర్, కాలిబ్రైట్ వారి పరికరములు మనదేశమునను దొరకును. తంత్రము తెరపై వరుసగా రంగుపలకలను చూపును, పరికరము ఒక్కొక్కదానిని కొలుచును. ఆర్గిల్ సి.ఎమ్.ఎస్. అను తంత్రము వెల లేకుండ లభించును.

పరికరము తగిలించుటకు ముందు చేయవలసినవి కలవు. తెరను అరగంట ముందే వెలిగించి ఉంచవలెను. పెనము కాగకముందు అట్టుపిండి పోయముగదా. సాయంకాలము తెరను పచ్చబఱచు రాత్రివెలుగు అమరికను, గదివెలుతురునుబట్టి తానే మాఱు అమరికను, "కంటికి హాయి" మున్నగువానిని తీసివేయవలెను. లేనిచో కొలుచుచుండగనే కొలత మాఱును. పిమ్మట తెరక్రింది మీటలతోనే మొదట వెలుగును, తరువాత ఎఱుపు ఆకుపచ్చ నీలముల పాళ్లను లక్ష్యమునకు సాధ్యమైనంత దగ్గఱగా తేవలెను. ఈ పని మీటలతో చేయక కంప్యూటరునకే వదలినచో అది ఉన్న 256 మెట్లలో కొన్నిటిని మ్రింగివేయును; అప్పుడు నున్నని ఆకాశము చారలు చారలుగా కనబడును. మిగిలిన స్వల్పదోషములను తంత్రము సవరించును. ఈజో వారి కలర్‌ఎడ్జ్ వంటి ఖరీదైన తెరలలో సవరణపట్టిక తెరలోపలనే యుండును గనుక ఈ నష్టము స్వల్పము.

కొలత ముగియగానే తంత్రము ఒక పత్రమును వ్రాసిపెట్టును. దానిని ఐ.సి.సి. ప్రొఫైలందురు, 1993లో స్థాపింపబడిన అంతర్జాతీయవర్ణసంఘము ఏర్పఱచిన పద్ధతి అది. మేము దానిని తెరజాతకమని పిలుచుచున్నాము. ఈ తెరకు ఏ రంగున ఎంత దోషమున్నదో అందు వ్రాసియుండును. దిద్దుబాటు తంత్రము దానిని చదివి, ఆ దోషమునకు తగిన శాంతి తానే చేసికొనును. ఒకరి జాతకము మఱియొకరికి చెల్లనట్లు, ఒక తెర పత్రము అదే రకపు మఱియొక తెరకును సరిపోదు. చివర డెల్టా-ఇ అను సంఖ్య కనబడును. కోరిన రంగునకు, చూపిన రంగునకు గల దూరమది. సగటున రెండుకు లోబడినచో మనకన్ను పట్టుకొనుట కష్టము. చెల్లెలి పాతతెరకు అది మొదట పదునొకండు వచ్చినది.

పరికరము లేనివారు విండోసు, మాకు యంత్రములలోనే యున్న కంటికొలత మార్గదర్శిని పాటింపవచ్చును. వెలుగునకు ఒక సుళువు: తెరనిండ తెలుపు వేసి, ప్రక్కన ఒక తెల్లకాగితము పట్టుకొనుడు. తెర దీపమువలె తోచినచో తగ్గింపుడు. కాగితమువలె తోచినచో చాలును.

గది మాట మఱచితిమి. అలంకారశాస్త్రమున తద్గుణమని యొకటి కలదు: వస్తువు తన గుణము విడిచి దగ్గఱిదాని గుణమును గైకొనుట. కావ్యములో అది సొంపు, దిద్దుబాటుగదిలో పీడ. చెల్లెలి గదిగోడలు చిలుకపచ్చ. మధ్యాహ్నము ఎండ గోడకు కొట్టి ఆ పచ్చదనము తెరపైకిని చీరపైకిని వచ్చెడిది. గోడకు లేత బూడిదరంగు వేయించి, కిటికీ ప్రక్కవాటుగా వచ్చునట్లు తెరను త్రిప్పి, నల్లయట్టతో తెరకు చూరు కట్టితిమి. చీర తీయునప్పుడు ప్రక్కన 18 శాతపు బూడిదరంగు అట్టముక్కను ఉంచుట నేర్చినది. ఆ ముక్క చిత్రములో బూడిదగా కనబడువఱకు దిద్దినచో చాలవఱకు పని అయినట్లే.

తెరను మార్చిన పిమ్మట చెల్లెలు పాతచిత్రములన్నిటిని మూడురాత్రులు మేల్కొని మరల దిద్దినది. నిశ్చితార్థపు చీర కోరినవారు అప్పటికే మఱియొకచోట కొనుకొన్నారు. ఆ బేరము పోయినట్లే. ఆ ఊదాచీర మాఘమాసములో ఊదాచీరగానే అమ్ముడుపోయి, నిలిచినది. నేతగానికి సొమ్ము చేరినది. అటుపిమ్మట మరలి వచ్చినది ఒక్కటియే, నెమలికంఠపు రంగుది. దానియందు పడుగు నీలము, పేక పచ్చ. మడతమడతకు రంగు మాఱునట్టిది ఒక్క చిత్రములో ఇముడునా? ఇప్పుడట్టివానికి రెండు వైపులనుండి రెండు చిత్రములును, కొంగు కదలించి చూపు చిన్న కదలుబొమ్మయు పంపుచున్నది. కొనువారి ఫోను ఎట్టిదో మనకు తెలియదు గనుక "ఉల్లిపొరరంగు, గులాబి కాదు" అని మాటలతోను వ్రాయుచున్నది. ఇది మేము చెప్పినది కాదు, తానే కనిపెట్టినది.

కలరిమీటరు వెల ఒక్క సంసారమునకు భారము. అందుచే మేమును, చెల్లెలును, పెండ్లిచిత్రములు తీయు ఎదురింటి అమ్మాయియు మూడు పాళ్లు వేసికొని కొంటిమి. తెరలు నెలనెలకు కొంచెము కొంచెముగా మాఱును గనుక నెలకొకసారి కొలుచుకొనవలయును. మొదటి వారము చెల్లెలిది, రెండవ వారము ఎదురింటివారిది. మా వంతు మూడవ ఆదివారము. ఆనాడు మా వారు బడిపిల్లలను నలుగురిని పిలిచి అది కొలుచు విధమును చూపెదమనుచున్నారు. తెరను అరగంట ముందు వెలిగించు పని మాత్రము మాదే.